కలక ఇంటిపేరు

ప్రొద్దుటూరులో ఒక పిల్లాడికి కళ్ళు ఎర్రబడితే చాలు, వారం తిరక్కుండా కళ్ళకలక జమ్మలమడుగు, పులివెందుల బస్సులెక్కేస్తుంది. 'కలకొచ్చినవాళ్ళ కళ్ళలోకి చూడొద్దురా' అని అవ్వలు హెచ్చరిస్తుంటారు. పాపం, చూపుల తప్పేమీ లేదు. అంటించేవి చేతులూ తువ్వాళ్ళే!

కలకకు కారణాలు చాలా. వాటిలో ఒక వైరస్‌ కథ మాత్రం అచ్చం డిటెక్టివ్‌ నవలే. 1969లో ఆఫ్రికాలోని ఘనాలో కొత్తరకం కలక చెలరేగింది. అపోలో-11 చంద్రుడి మీద దిగిన ఏడాది కదా, జనం దానికి 'అపోలో జబ్బు' అని పేరుపెట్టేశారు. 1971లో మన దేశంలోనూ విజృంభిస్తే బెంగాల్లో 'జోయ్‌ బాంగ్లా' అన్నారు. తీరా చూస్తే అది పోలియో వైరస్‌కు దాయాది... పేరు ఎంటరోవైరస్‌-70. ఆ చుట్టరికం ఊరికే పోలేదు. కలక తగ్గిన కొన్నాళ్ళకు కొందరికి కాళ్ళు చచ్చుబడటాన్ని బొంబాయిలో డాక్టర్‌ నోషిర్‌ వాడియా గమనించారు. అరుదే అనుకోండి.

ఇంతకీ ఇది ఎప్పుడు పుట్టింది? దీని జన్యువు 7 వేల పైచిలుకు అక్షరాల చీటీ. నకలు తీసిన ప్రతిసారీ ఎక్కడో ఒక తప్పు దొర్లుతుంది. దేశదేశాల నమూనాల్లోని ఆ తప్పుల్ని జపాన్‌ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వాటన్నిటికీ మూలపురుషుడు 1967 ప్రాంతం వాడని తేల్చారు. అంటే ఘనాలో బయటపడేనాటికి దానికి రెండేళ్ళే!

కలక ఏ వైరస్‌దో కంటిని చూసి చెప్పలేం. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కల్లో స్టిరాయిడ్‌ ఉంటే మొదటికే మోసం. నందివర్ధనం పూలు చలవ చేస్తాయేమోగానీ వైరస్‌ను చంపవు. కళ్ళు తేటపడేదాకా పిల్లాణ్ని బడి మాన్పించి, తువ్వాలూ తలగడా వేరుగా ఉంచండి.