కారులో కారని లీకు

మా నాయిన కారు ఆర్నెల్లలో మూడుసార్లు రోడ్డు మీద ఆగిపోయింది. మూడుసార్లూ ఎవరో ఒకరు డబ్బాలో అయిదు లీటర్ల డీజిల్ తెచ్చి పోశారు. ఫిల్టర్ మీదుండే చేతి పంపు కాసేపు కొట్టి సెల్ఫ్ కొడితే స్టార్టయింది. చూసినవాళ్లు ఏమనుకుంటారు? "పెద్దాయన డీజిల్ చూసుకోలేదు" అనుకున్నారు. మొదటిసారి నేను నవ్వేశాను. రెండోసారి ఫోన్లో జాగ్రత్తలు చెప్పాను. మూడోసారికి నేను కూడా అదే నమ్మాను.

మూడోసారి మాత్రం చిన్న విషయం కాదు. తిరుమలగిరిలో మా వాడకట్టుకి రాత్రిపూట అంబులెన్సు కంటే ముందు గుర్తొచ్చేది మా నాయిన కారే. ఆ రాత్రి పక్కింటి అత్తమ్మకి ఒళ్లంతా చెమటలు పట్టి కళ్లు తిరిగితే సూర్యాపేట ఆసుపత్రికి బయల్దేరారు. అర్వపల్లి దాటకముందే బండి ఆగింది. 108 వచ్చి తీసుకెళ్లింది. అత్తమ్మ ఇప్పుడు బాగానే ఉంది. బాగా లేనిది మా నాయినే. తెల్లారి తాళంచెవి ఫ్రిజ్ మీద పెట్టి, "ఇగ నేను నడపను బిడ్డా, అమ్మేయ్" అన్నాడట. నిజం చెప్పాలంటే, హైదరాబాద్‌లో కూర్చున్న నాకు ఆ మాటకి కాస్త ఊరటే కలిగింది. అరవై ఆరేళ్లు, మతిమరుపు మొదలైందేమో, ఇంకా రాత్రిళ్లు డ్రైవింగ్ ఎందుకు అనుకున్నాను.

బండి పేరు చెప్పను. ఒకప్పుడు ప్రతి టాక్సీ స్టాండులో కనిపించిన పాత డీజిల్ కారు, అంతే. అమ్మేముందు ఒకసారి చూపిద్దామని ఓ గ్యారేజీకి పంపిస్తే "పంపు పోయింది, 25 వేలవుతుంది" అన్నారు. బండి రేటే దానికి రెండింతలు రాదు.

ఆ శనివారం జనగామ మీదుగా ఊరికెళ్లాను, అమ్మకం కాగితాలు చూద్దామని. ఆర్సీ కోసం డ్యాష్‌బోర్డు తెరిస్తే ఒక నోటుబుక్కు దొరికింది. ఏ రోజు ఎన్ని లీటర్లు పోయించాడో, అప్పుడు మీటర్ ఎంతుందో, అన్నీ రాసి ఉన్నాయి. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే మేం మొదట వెతికేది లాగ్ ఫైలు. ఇది అదే, కాకపోతే బాల్‌పెన్నుతో ఉంది.

మూడోసారి లెక్క చూశాను. రిజర్వు లైటు వెలిగాక 15 లీటర్లు పోయించాడు. ఆగేటప్పటికి తిరిగింది 108 కిలోమీటర్లు. లీటరుకి 16 వేసుకున్నా ఖర్చయింది ఏడు లీటర్లలోపే. అంటే ట్యాంకులో ఇంకా కనీసం ఎనిమిది లీటర్లు ఉండాలి. మిగతా రెండుసార్లూ అంతే. డీజిల్ ఉంది, కానీ సగం ట్యాంకు కంటే తక్కువ. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒక్కసారీ ఆగలేదు.

"నాయినా, నువ్వు డీజిల్ మర్చిపోలేదు గదా?" అన్నాను.

"నేను ఎప్పుడన్న డీజిల్ లేకుండ బండి తీసిన్నా? చెప్తే ఎవలు విన్నరు?"

నేను వినలేదు. అదీ జరిగింది.

కొబ్బరిబోండాం లెక్క

ముందు అసలు విషయం చెప్తాను. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కితే అది 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిల్‌ని తుంపరలా చిమ్ముతుంది, అంటుకుంటుంది. మా బండి లాంటి పాత కార్లలో నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 120 నుంచి 150 బార్ల ఒత్తిడి కావాలి. అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వంద రెట్లు పైనే. డీజిల్ నొక్కితే పెద్దగా కుంచించుకుపోదు కాబట్టి పంపు ఇచ్చే ఒత్తిడి నేరుగా నాజిల్‌కి చేరుతుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే? పంపు కొట్టిన ప్రతి దెబ్బకీ బుడగే నలిగి మళ్లీ ఉబ్బుతుంది. నాజిల్ తెరుచుకోదు. మేస్త్రీలు "ఎయిర్ పట్టింది" అనేది దీన్నే.

ఈ గాలి ఎక్కడి నుంచి వస్తుంది? ట్యాంకు వెనకాల, కింద ఉంటుంది. పంపు ముందు, పైన ఉంటుంది. ఇలాంటి పాత బండ్లలో పంపే డీజిల్‌ని పీల్చుకోవాలి. కొబ్బరిబోండాంలో స్ట్రా వేసి తాగుతున్నారనుకోండి. స్ట్రాకి సూది మొనంత చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి వస్తుంది. నీళ్లు అడుక్కి పోయేకొద్దీ ఇంకా గట్టిగా పీల్చాలి, గాలి ఇంకా ఎక్కువ వస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే బండి బాగుండటం, సగం దిగాక ఆగడం, బండి కింద ఒక్క చుక్క కూడా కనిపించకపోవడం, మూడింటికీ సమాధానం ఇదే అయ్యుండాలి. డబ్బా డీజిల్ పోస్తే స్టార్టవడానికీ ఇదే కారణం. మట్టం కొంచెం పెరిగింది. ముఖ్యంగా చేతి పంపు కొట్టడంతో గాలి బయటికి పోయింది. జనం మాత్రం డబ్బానే చూశారు.

ఇంకో ఆధారం కూడా ఉంది. "పొద్దున్నే సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సొస్తుంది" అని నాయిన ఎప్పుడో చెప్పాడు. రాత్రంతా ఆ చిల్లులోంచి గాలి దూరితే పైపులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున మళ్లీ అంత దూరం పీల్చుకోవాలి. అప్పుడు నేను "బ్యాటరీ చూపించు" అన్నాను.

కాకా పరీక్షలు

థియరీ నాది, చేతులు మాత్రం ట్రాక్టర్లు బాగుచేసే ఓ కాకావి. ఆయన వరుసగా చేసింది రాస్తున్నాను. ఇలాంటి పాత బండి ఇంట్లో ఉన్నవాళ్లకి పనికొస్తుంది.

మొదట ట్యాంకు మూత. మూతకి లేదా ట్యాంకుకి గాలి దారి మూసుకుపోతే లోపల ఖాళీ ఏర్పడి డీజిల్ రాదు. ఆగినప్పుడు మూత తీస్తే 'బుస్' మని శబ్దం వస్తుంది. మాకు రాలేదు.

రెండోది పొగ. బండి స్టార్ట్ కాని స్థితిలోనే సెల్ఫ్ కొడుతూ సైలెన్సర్ చూడమన్నాడు. తెల్ల పొగ వస్తే డీజిల్ చేరుతోంది, అంటుకోవడం లేదు. అప్పుడు హీటర్ ప్లగ్గులు, టైమింగ్, కంప్రెషన్ చూసుకోవాలి. అసలు పొగే రాకపోతే డీజిలే చేరడం లేదు. మాకు పొగ లేదు. సెల్ఫ్ ఒకేసారి పది పదిహేను సెకన్లకు మించి కొట్టకూడదు, మధ్యలో అర నిమిషమైనా ఆగాలి. లేకపోతే సెల్ఫ్ మోటారు కాలుతుంది.

మూడోది 'టక్'. తాళం ఆన్ చేయగానే పంపు మీదుండే స్టాప్ సోలనాయిడ్ చిన్నగా టక్ మనాలి. దానికి కరెంటు అందకపోతే డీజిల్ దారి మూసే ఉంటుంది. మాది టక్ మంది.

నాలుగోది అసలు పరీక్ష. ఫిల్టర్‌కి ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి ఇంజన్ కంటే ఎత్తులో పెట్టాడు. డబ్బా నుంచి ఒక పైపు ఫిల్టర్‌కి, రిటర్న్ పైపు తిరిగి డబ్బాలోకి. ఎయిర్ తీసి సెల్ఫ్ కొడితే బండి వెంటనే అందుకుంది. అరగంట ఆపకుండా, రేజ్ చేసినా, ఒక్కసారి కూడా తడబడలేదు. "గీ ఉపాయం ఏడ నేర్చుకున్నవ్ కాకా?" అంటే ఆయన నవ్వాడు. "బావి కాడ ఆయిలింజన్‌కు ట్యాంకు నెత్తి మీద ఎందుకుంటది బిడ్డా? పీల్చే పని లేకుండ అదే దిగుతది." మాది మెట్ట. కాలువ నీళ్లు రాకముందు బావుల మీద ఆ ఇంజన్లతోనే ఆయన పని మొదలుపెట్టాడు.

ఈ ఒక్క పరీక్షతో సగం బండి అనుమానంలోంచి బయటపడింది. పంపు, నాజిల్స్ బాగున్నాయి. డబ్బా పైనుంది కాబట్టి ఫిల్టర్ దగ్గర చిల్లుంటే ఇప్పుడు డీజిల్ బయటికే కారాలి. అక్కడ పొడిగా ఉంది. ఇక మిగిలింది ట్యాంకుకీ ఫిల్టర్‌కీ మధ్య దారి.

అయిదోది కళ్లతో చూడటం. ట్యాంకు పైపు మళ్లీ తగిలించి, ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య జానెడు పారదర్శకమైన పైపు వేశాడు. ఇంజన్ ఆన్ చేస్తే అందులో సోడాలా బుడగలు. కాకా ట్యాంకు పైపుని అంగుళం అంగుళం నొక్కుతూ వచ్చాడు. ఫిల్టర్ దగ్గర క్లాంపు పక్కన నొక్కగానే బుడగలు గుంపుగా వచ్చాయి. ఆ రబ్బరు పైపు కట్టెలా గట్టిపడింది. కోసి వంచితే క్లాంపు కింద వెంట్రుకంత పగులు.

"ఫిల్టర్ ఎప్పుడు మార్చిన్రు?" అన్నాడు. నోటుబుక్కు తీశాం. మొదటిసారి ఆగడానికి మూడు వారాల ముందు. ఎండిపోయిన పైపుని గుంజి తీసి, దాన్నే మళ్లీ బిగించినప్పుడు పగిలి ఉంటుంది. ఫిల్టర్ మార్చినప్పుడు పాత పైపు ముక్క, క్లాంపులు, వాషర్లు కూడా మార్చమని అడగండి. అన్నీ కలిపినా ఫిల్టర్ ఖరీదు దాటవు.

డీజిల్‌కి పనికొచ్చే రబ్బరు పైపు, రెండు క్లాంపులు వేశాం. పరీక్ష పైపు తీసేశాం. అది చూడటానికే, డీజిల్‌లో ఎక్కువ కాలం నిలవదు. ఫిల్టర్ అడుగు స్క్రూ వదిలితే రెండు చెంచాల నీళ్లు పడ్డాయి. సగం ఖాళీగా ఉండే ట్యాంకులో గాలిలోని తేమే నీరుగా మారి అడుగున చేరుతుంది. అప్పుడప్పుడూ తీసేయాలి. ఖర్చు కాకా కూలీతో కలిపి వెయ్యి దాటలేదు.

రెండు హెచ్చరికలు

ఒకటి. ఇదంతా పాత మెకానికల్ పంపు బండ్లకే. కామన్ రైల్ డీజిల్ కార్లలో ఒత్తిడి 1,600 బార్లు, అంతకు పైన కూడా ఉంటుంది. నడుస్తున్న ఇంజన్‌లో ఆ పైపుల జోలికి పోవద్దు. పాత బండిలో కూడా నాజిల్ చిమ్మే చోట వేలు పెట్టొద్దు. డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చీమ కుట్టినంతే కనిపిస్తుంది, కానీ వెంటనే ఆపరేషన్ అవసరమయ్యే గాయం అది. అలా జరిగితే ఇంట్లో పసుపు పెట్టుకుని కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి పోండి.

రెండు. డీజిల్‌లో కిరోసిన్ కలపమనే సలహా వినొద్దు. ఇలాంటి రోటరీ పంపుకి వేరే ఆయిల్ ఉండదు, లోపలి భాగాలకి డీజిలే ఆయిల్. కిరోసిన్ పలచన, పంపు అరిగిపోతుంది. మా కాకా ఇప్పటికీ దాన్ని 'మైకో పంపు' అనే అంటాడు. బెంగళూరులో 1951లో మొదలైన మైకో 2008లోనే బాష్ అని పేరు మార్చుకుంది. రాబర్ట్ బాష్ కంపెనీ జర్మనీలో డీజిల్ పంపులు పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది 1927లో. దాదాపు వందేళ్ల నాటి పనితనం అది. మా బండిలోనూ చివరికి దాని తప్పేమీ లేదు.

ఆదివారం సాయంత్రం టెస్ట్ డ్రైవ్. ట్యాంకులో కావాలనే డీజిల్ తక్కువ ఉంచాం, డిక్కీలో డబ్బా పెట్టుకున్నాం. నాయిన నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. అర్వపల్లి దాకా పోయి వచ్చాం. ఎక్కడా ఆగలేదు. తిరిగొచ్చేటప్పుడు, అప్పుడు బండి ఆగిన చోటు చూపించి, "ఈడనే" అన్నాడు. అంతకు మించి ఏం మాట్లాడలేదు.

నేను సారీ చెప్పాను. "పైపు పగిలితే నువ్వేం చేస్తవ్ తియ్" అన్నాడు. నేను చెప్పింది పైపు గురించి కాదని ఆయనకీ తెలుసు.

ఇంటికొచ్చాక ఆయనే ఒక మాట అన్నాడు. "ఎదురు లైట్లు పడితే కండ్లు కనవడ్తలేవు. రాత్రి నడపను. పగలు నడుపుత." కళ్ల డాక్టర్ దగ్గరికి వచ్చే వారం తీసుకెళ్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ల బండి మాటిమాటికీ ఆగిపోతుంటే, వాళ్ల వయసుని అనుమానించేముందు ఆ పైపుని ఒకసారి చూడండి. అంతకంటే ముందు, వాళ్లు చెప్పేది వినండి.

తాళంచెవి ఇప్పుడు ఫ్రిజ్ మీద లేదు. దాని మామూలు మేకుకే వేలాడుతోంది.