మహానగరమున కొలువు వెదకు విధము

స్త్రీ సంపాదింపవచ్చునా, కూడదా యను చర్చతో పూర్వము పత్రికల పుటలు నిండెడివి. నేడా చర్చకు కాలము చెల్లినది. ఇంటి అద్దెలు, పిల్లల చదువులు, పెరిగిన ధరవరలు ఆ ప్రశ్నకు తామే సమాధానము చెప్పినవి. ఇప్పటి ప్రశ్న వేఱు: కొలువెక్కడ దొరకును? దానినెట్లు వెదకవలెను? మోసపోకుండ నెట్లు చేరవలెను? భర్త యుద్యోగమునుబట్టియో, బిడ్డల చదువునకో హైదరాబాదు చేరిన విద్యావతులు పెక్కండ్రు ఏ తలుపు తట్టవలెనో తెలియక యింటనే యుండిపోవుచున్నారు. వారికొఱకే మే మీ మాసమున నీ విషయము నెత్తుకొంటిమి.

మొట్టమొదట చేయవలసినది తన శక్తిని తాను లెక్కగట్టుకొనుట. ఒక కాగితముపై మనకు వచ్చిన విద్యలన్నియు వ్రాసికొనవలెను. పట్టము మాత్రమే విద్య గాదు. పొదుపు సంఘము లెక్కలు తప్పులేక వ్రాసిన గృహిణికి పద్దులు తెలిసినట్లే. ఇరుగుపొరుగు పిల్లలకు పాఠములు చెప్పిన యామెకు బోధనానుభవము కలిగినట్లే. హిందీ, ఉర్దూ మాటలాడగలుగుట యీ నగరమున నొక యర్హతయే. పెండ్లివలననో, ప్రసవమువలననో నడుమ కొన్ని యేండ్లు కొలువు మానినవారు ఆ సంగతి దాచనక్కఱలేదు. ఆ కాల మేల గడచెనో యొక్క వాక్యమున చెప్పి, పిమ్మట నేర్చినది చూపిన చాలును.

రెండవది దూరము. నాగోలునుండి రాయదుర్గమువఱకు, మియాపూరునుండి ఎల్.బి. నగరువఱకు మెట్రో రైలు నడచుచున్నది. 2017వ సంవత్సరమున నీ రైలు మొదలైన పిదప రాకపోకలు కొంత సులువైనవి. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణ స్త్రీలకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు వెల లేదు. ఇది గొప్ప మేలు. అయినను బస్సు డబ్బు మిగిల్చును గాని కాలమును మిగిల్పదు. పోను రాను మూడు గంటలు పట్టు చోట పెద్ద జీతముకంటె, అరగంట దూరమున నున్న చిన్న జీతమే యొకప్పుడు ఇల్లాలికి లాభము. దరఖాస్తు పంపుటకు ముందే యొకనాడు ఉదయవేళ ఆ దారిని స్వయముగా పోయి చూచుట మంచిది.

ఇక వెదకు చోటులు. సర్కారువారి ఉపాధి కార్యాలయములు 1945లో యుద్ధమునుండి మరలివచ్చిన సైనికులకొఱకు పుట్టి, 1948లో నెల్లరకు తెఱవబడినవి. 2015లో కేంద్ర కార్మిక శాఖవారు నేషనల్ కెరీర్ సర్వీసు అను వెబ్‌సైటు నేర్పఱచిరి. ఇందు పేరు నమోదునకు రుసుము లేదు. తెలంగాణ ప్రభుత్వమువారి డీట్ యను ఉపాధి వేదికయు నిట్టిదే. సర్కారు కొలువులు కోరువారు పబ్లిక్ సర్వీసు కమీషను వెబ్‌సైటున నొక్కసారి వివరములు నమోదు చేసికొని, ప్రకటనలను కనిపెట్టుచుండవలెను. పేరు వ్రాయించినంతనే పని దొరకదని మాత్రము మఱువరాదు. బడులవారు జూనునకు ముందే ఉపాధ్యాయినులను వెదకుదురు. ఆసుపత్రులు, దుకాణములు, చిన్న కార్యాలయములు తఱచు తెలిసినవారి మాటపైననే మనుష్యులను తీసికొనును. కావున పని వెదకుచున్న సంగతి బంధువులకు, పాత సహాధ్యాయినులకు, అపార్టుమెంటు స్త్రీలకు సిగ్గుపడక చెప్పవలెను.

చదువు చాలనివారు నిరాశ పడరాదు. దుర్గాబాయమ్మ గారు మదరాసున 1937లో ఆంధ్ర మహిళాసభ స్థాపించిరి. చదువునకు దూరమైన స్త్రీలను పరీక్షలకు సిద్ధపఱచుట వారి తొలి కార్యములలో నొకటి. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలివారు 1958లో వయోజన స్త్రీలకై సంగ్రహ విద్యా పథకమును ప్రవేశపెట్టిరి. పనికి తగిన స్త్రీ యున్నను, ఆమెకు పరీక్ష పత్రము లేకపోవుటయే నాటి యడ్డంకి. నేటికిని పలుచోట్ల నదియే యడ్డంకి. ఇప్పుడు పదవ తరగతి, ఇంటరుమీడియెటు సార్వత్రిక పాఠశాల ద్వారా చదువవచ్చును. 1982లో స్థాపింపబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేటి అంబేద్కరు విశ్వవిద్యాలయము, ఇంటనుండియే పట్టము పొందు వీలు కల్పించుచున్నది. జంటనగరములలో చేతిపనుల, కంప్యూటరు శిక్షణకు 1978లో నేర్పడిన సెట్విన్ కేంద్రములు కలవు.

మోసములనుగూర్చి హెచ్చరింపక తప్పదు. ఉద్యోగమిత్తుమని ముందుగా డబ్బడుగువాడు ఉద్యోగమిచ్చువాడు గాడు. ధరావతు, శిక్షణ రుసుము, యూనిఫారము ఖర్చు, ఏ పేరు పెట్టినను మాట యొక్కటే. ఇంటనుండి కూర్చుండి ఫోనులో చిన్న పనులు చేసిన వేలు వచ్చునని నమ్మించి, మొదట నూఱో యిన్నూఱో యిచ్చి, పిదప వేలకువేలు కాజేయుట నేటి రీతి. బ్యాంకు రహస్య సంఖ్యలు ఎవ్వరికిని చెప్పరాదు. అసలు సర్టిఫికెట్లు చూపవలెనే గాని యప్పగింపరాదు. ఇంటర్వ్యూ కార్యాలయమున గాక యే హోటలు గదిలోనో యనిన పోనే రాదు. పోవు చోటి చిరునామా ఇంట వ్రాసిపెట్టవలెను. డబ్బు పోయినచో సిగ్గుపడి దాచక తత్క్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరపడిన నంత డబ్బు నిలుపవచ్చును. ఆపద వేళ 112, స్త్రీల సహాయమునకు 181 సంఖ్యలు కలవు.

కొలువున చేరునపుడు జీతము, పనిగంటలు, సెలవులు వ్రాతమూలకముగా నడుగవలెను. సమానమైన పనికి స్త్రీపురుషులకు సమాన వేతనమను చట్టము 1976లోనే వచ్చినది. 2019 నాటి వేతనముల స్మృతియు దానిని నిలిపినది. ప్రసూతి సెలవు 2017 సవరణచే మొదటి యిద్దఱు బిడ్డలకు 26 వారములైనది. 2013 చట్టముచే పదిమంది లేక యంతకు మించి పనిచేయు ప్రతిచోట లైంగిక వేధింపులను విచారించు సంఘముండవలెను. అంతకు తక్కువైనచోట జిల్లా సంఘమునకు ఫిర్యాదు చేయవచ్చును. మూడు నెలలలోపల ఫిర్యాదు వ్రాసి యియ్యవలెనను గడువును మఱువరాదు.

తుద కొక్క మాట యింటివారికి. ఇల్లాలు కొలువునకు పోయి, మరలివచ్చి, వంటయు, అంట్లును, పిల్లల పాఠములును తానొక్కతెయే చూచినచో ఆమెకు దొరకినది ఉద్యోగము గాదు, రెండవ చాకిరి. పెక్కు కొలువులు మూడు నెలలు నిలువకపోవుటకు కారణము కార్యాలయమున గాక వంటింట నుండును. కావున కొలువు వెదకుటకు ముందే, ఉదయము బిడ్డను బడికి పంపువారెవరు, సాయంకాలము దీపము పెట్టువారెవరు అను లెక్క ఇంటిల్లిపాది కూర్చుండి తేల్చుకొనవలెను. జీతమెవరి పేరిటి బ్యాంకు ఖాతాలో పడవలెనో యను ప్రశ్నకు మాత్రము చర్చ యక్కఱలేదు. కష్టపడినది ఆమె, ఖాతాయు ఆమెదే కావలెను.