అందరూ రాసే వైద్యం: సంతకం ఎవరిది?

పోయిన వర్షాకాలంలో తెనాలి నుంచి మా బావగారు ఫోన్ చేశారు. "మామయ్యగారికి డెంగీ అని తేలింది. కంగారు పడకు, జ్వరం పొద్దున్నే దిగిపోయింది" అన్నారు. ఆయన ధైర్యం చెబుతున్నారు గానీ, ఆ రెండో మాట వినగానే నాకు గుండె ఝల్లుమంది. డెంగీలో జ్వరం దిగే సమయమే, అంటే సుమారుగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, అసలు జాగ్రత్తపడాల్సిన సమయం. కొందరికి అప్పుడే రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరి, బీపీ పడిపోతుంది. కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోంచి రక్తం, మగతగా ఉండడం, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి వెళ్ళిపోవాలి.

కాసేపటికి బావగారు ఒక కాగితం ఫోటో వాట్సాప్‌లో పంపారు. పక్కింటివాళ్ళు ఇంటర్నెట్‌లోంచి ప్రింటు తీసి ఇచ్చారట. తెలుగు చక్కగానే ఉంది. దోమతెరలు, నీళ్ళ తొట్లు, బొప్పాయి ఆకు రసం, కివీ పండు, అన్నీ ఉన్నాయి. జ్వరం దిగాక ఏం చూసుకోవాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఒళ్ళు నొప్పులకి మాత్ర వేసుకోవచ్చని రాశారు, ఏ మాత్రో రాయలేదు. (ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి కాబట్టి డెంగీలో వాడకూడదు. పారాసెటమాల్ ఒక్కటే, అదీ మోతాదు మించకుండా.) ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, తెలిసినవాళ్ళెవరైనా చూశారా అన్నది ఆ కాగితం మీద ఎక్కడా లేదు. నాన్నగారిని ఆ సాయంత్రమే ఆస్పత్రిలో చేర్పించారు. నాలుగు రోజులు సెలైన్ పెట్టి పంపించారు. ఇప్పుడు బాగానే ఉన్నారు.

నేను డాక్టర్ని కాను. న్యూజెర్సీలో ఒక ఆస్పత్రి కంప్యూటర్ విభాగంలో పనిచేస్తున్నాను. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు కలిసి రాసుకునే చికిత్స పద్ధతుల పత్రాలను చూసుకోవడం నా పని. అందుకే ఆ కాగితం నన్ను అంతగా పట్టి పీడించింది. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి చిక్కునే 2020 వసంతంలో మా ఆస్పత్రిలో కళ్ళారా చూశాను.

అప్పటిదాకా మా పత్రాలు ఈమెయిల్లో తిరిగేవి. ఫైలు పేరు చివర "ఫైనల్", దాని తర్వాత "ఫైనల్ 2", ఆ తర్వాత "అసలు ఫైనల్"! కోవిడ్ వచ్చాక అలా కుదరలేదు. అందరూ ఒకేసారి తెరిచి దిద్దుకునే ఒక్క పేజీ పెట్టుకున్నాం. ఆ రోజుల వేగం గుర్తు చేసుకోండి. హైడ్రాక్సీక్లోరోక్విన్‌కి ఎఫ్‌డిఏ 2020 మార్చి 28న అత్యవసర అనుమతి ఇచ్చింది, జూన్ 15న వెనక్కి తీసుకుంది. ఆ మర్నాడే, జూన్ 16న, ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో డెక్సామెథసోన్ మరణాలను తగ్గిస్తోందని బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ వాళ్ళు ప్రకటించారు. రెండు రోజుల్లో ఒక మందు పోయింది, ఇంకో మందు వచ్చింది! మా పేజీ గంటల్లో మారిపోయింది. కానీ ఒక వార్డులో గోడకి అంటించిన పాత ప్రింటు ఇంకో వారం అలాగే ఉండిపోయింది. అదృష్టవశాత్తూ ఒక నర్సు చూసి చింపేసింది.

ఆ వారంలో నాకు అర్థమైంది ఇది. అందరూ రాయగలగడం ఈ సాధనాల గొప్పతనంలో సగమే. ఎవరు ఏ నిమిషంలో ఏ వాక్యం మార్చారో, ఎందుకు మార్చారో చరిత్ర మిగలడం, పేజీకి ఒక బాధ్యుడు ఉండడం మిగతా సగం. మా పేజీలో అందరూ దిద్దవచ్చు, అయితే ఒక ఇన్ఫెక్షన్ల డాక్టరు, ఒక ఫార్మసిస్టు ఒప్పుకుంటే తప్ప అది వార్డులకి వెళ్ళదు. (రోగుల పేర్లు, వివరాలు ఇలాంటి పేజీల్లో ఎప్పుడూ పెట్టకూడదు. సొంత జీమెయిల్ ఖాతాలో డాక్యుమెంట్ తెరిచి రోగుల జాబితా రాసుకునే మహానుభావులు ఇంకా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.)

ఆస్పత్రి గోడల బయట ఇదే పద్ధతి పనిచేస్తుందా? చేస్తుందనడానికి మంచి ఉదాహరణ మళ్ళీ డెంగీయే. ఇంగ్లీషు వికీపీడియాలో డెంగీ వ్యాసాన్ని ఎందరో కలిసి రాశారు. 2014లో ఓపెన్ మెడిసిన్ అనే వైద్య పత్రిక దాన్ని నిపుణులతో పరీక్ష చేయించి ప్రచురించింది. కెనడాలో ఎమర్జెన్సీ డాక్టరైన జేమ్స్ హైల్‌మన్ దాని రచయితల్లో ఒకరు. తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. 2015 చివర్లో డెంగ్‌వాక్సియా అనే టీకాకి మొదటి అనుమతి వచ్చింది. 2017 నవంబరులో, అంతకుముందు ఎప్పుడూ డెంగీ రానివాళ్ళకి ఈ టీకా వేస్తే తర్వాత వచ్చే జబ్బు తీవ్రంగా ఉండవచ్చని తయారీ కంపెనీ సనోఫీయే ప్రకటించింది. పత్రికలో అచ్చయిన 2014 వ్యాసంలో ఈ సంగతి ఉండే అవకాశమే లేదు. దిద్దుకునే పేజీలో చేర్చుకోవచ్చు.

వికీపీడియా అంటే మొహం చిట్లించే డాక్టర్లు నాకు చాలామంది తెలుసు. వాళ్ళ అనుమానం ఉత్తదేం కాదు. 2014లోనే అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం, ఖర్చు ఎక్కువైన పది జబ్బుల వ్యాసాలు తీసుకుంటే తొమ్మిదింటిలో వైద్య సాహిత్యంతో పొసగని విషయాలున్నాయని చెప్పింది. ఆ అధ్యయనం చేసిన పద్ధతి మీద కూడా గట్టి విమర్శలే వచ్చాయి. నా లెక్కలో వాదన అక్కడ తేలదు. రోగులు ఎలాగూ చదువుతున్నారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌ఫ్రాన్సిస్కో వైద్య కళాశాల 2013లోనే నాలుగో ఏడాది విద్యార్థులకి వికీపీడియా వ్యాసాలు దిద్దడం ఒక కోర్సుగా పెట్టింది. 2020 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కోవిడ్ బొమ్మలు, వీడియోలు వికీపీడియాలో వాడుకోవడానికి వీలుగా ఒప్పందం చేసుకుంది. తప్పులున్నాయని దూరంగా కూర్చోవడం కంటే ఇది నయం.

మరి మన భాషలో? తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. రాసే స్వచ్ఛంద కార్యకర్తలు కొద్దిమందే, వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి. కానీ వైద్యం వాళ్ళ నెత్తిన వేసి మనం చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఇంగ్లీషు పేజీలో తప్పు రాస్తే గంటలో ఎవరో ఒకరు పట్టుకునే అవకాశం ఎక్కువ. తెలుగు పేజీని అంతమంది కనిపెట్టుకుని ఉండరు. ఎవరైనా దిద్దవచ్చు అంటే ఎవరో ఒకరు దిద్దుతారని కాదు కదా!

మన సంఘంలో డాక్టర్లకి కరువు లేదు. అడిగితే వచ్చే జవాబులు రెండు. ఒకటి, టైం లేదు. రెండు, తెలుగు రాయడం మర్చిపోయాం. రెండోది నిజమే గానీ అది అడ్డంకి కాదు. డాక్టరు నోటితో చెబితే చాలు, టైపు చేయడానికి మనలాంటివాళ్ళం ఉన్నాం. నిజానికి పుస్తకాల తెలుగు కంటే డాక్టర్లు మాట్లాడే తెలుగే మేలు. ప్లేట్‌లెట్లు అంటే తెనాలిలో అందరికీ తెలుసు. వాటిని "రక్తఫలకికలు" అని రాస్తే మా నాన్నగారికి శంకుస్థాపన శిలాఫలకం గుర్తొస్తుంది.

ప్రస్తుతం మేం నలుగురం మొదలుపెట్టాం. ఒక పిల్లల డాక్టరు, ఒక ఫార్మసిస్టు, నేను, నా భార్య. ఆదివారం సాయంత్రం ఒక గంట, ఒకే డాక్యుమెంట్ తెరుచుకుని కూర్చుంటాం. ముందు డెంగీ, తర్వాత షుగరు, బీపీ. ప్రతి వాక్యానికీ ఆధారం ఏమిటో పక్కనే రాస్తున్నాం. డాక్టరు ఒప్పుకోనిది వికీపీడియాకి ఎక్కించం. ఆరు నెలలకోసారి ఎవరు తిరిగి చూడాలో పేరు రాసి పెట్టుకున్నాం. చదివి చూడడానికి, అమెరికా వచ్చి ఆరు నెలలు తోచక కూర్చునే మన అమ్మానాన్నలకంటే మంచివాళ్ళు ఎవరు దొరుకుతారు?

మొదటి పాఠకుడు మా నాన్నగారే. డెంగీ పేజీ చదివించాం. అంతా విని, "బొప్పాయి ఆకు సంగతి రాయలేదేంరా?" అన్నారు. రసంతో ప్లేట్‌లెట్లు కొంత పెరిగినట్టు చిన్న చిన్న అధ్యయనాలున్నాయి గానీ, ప్రాణాపాయం తగ్గుతుందని రుజువు లేదు. అసలు ఆ మాట ఎత్తకూడదని ఫార్మసిస్టు అంటారు. ఎత్తకపోతే జనం మన పేజీ పక్కన పెట్టి పక్కింటి కాగితం చదువుతారని నేనంటాను. రెండు ఆదివారాలుగా ఆ ఒక్క వాక్యం దగ్గరే ఉన్నాం.