హంతకుడెవరో ఊరందరికీ తెలిసిన కథ

రాయలసీమ అనే పేరు పుట్టింది నంద్యాలలో. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాక నూట పాతికేళ్లకు పైగా వీటిని దత్తమండలాలు అన్నారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని గుర్తుచేసే ఆ పేరు ఇక్కడి చదువుకున్నవాళ్లకు రుచించలేదు. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించారు. అది నిలబడింది. డెబ్బయ్యేళ్లు తిరిగేసరికి తెలుగు సినిమా ఆ పేరుకు ఇంకో అర్థం అంటగట్టింది. ఇవాళ నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో డిగ్రీ చదువుతున్న పిల్లలు ఆ సినిమాలు వచ్చాక పుట్టినవాళ్లు. వేరే ఊళ్లో హాస్టల్లో చేరి తమది ఫలానా ఊరని చెప్పగానే అవతలివాడు తొడగొట్టి చూపిస్తాడు. నేర సాహిత్యం, నేర చిత్రాలు క్లాసులో పాఠంగా వచ్చినప్పుడు ఈ విద్యార్థికి ఉండే చిక్కూ అదే, వీలూ అదే. పాఠంలో ఉన్న ఊరు వాడిదే.

సీమ కక్షలు తెరకెక్కిన చరిత్ర పొడుగాటిదేమీ కాదు. 1997లో జయంత్ సి. పరాన్జీ తీసిన ‘ప్రేమించుకుందాం రా’ ఒక ప్రేమకథకు కర్నూలు కక్షల్ని నేపథ్యంగా వాడుకుంది. మరుసటి ఏడు కృష్ణవంశీ ‘అంతఃపురం’లో అలాంటి ఇంటిని బయటినుంచి వచ్చిన కోడలి కళ్లతో చూపించారు. 1999 సంక్రాంతికి బి. గోపాల్ ‘సమరసింహారెడ్డి’ వచ్చాక కక్ష నేపథ్యంగా ఉండటం మానేసి కథే అయి కూర్చుంది. 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, ‘చెన్నకేశవరెడ్డి’, 2003లో ‘ఒక్కడు’, 2004లో ‘యజ్ఞం’. ఇవన్నీ ఒకే అచ్చులో పోసినవి కావు. ‘ఒక్కడు’ను ‘ఇంద్ర’ పక్కన పెడితే రెంటికీ పోలిక తక్కువ. అయినా ఒక మూస మాత్రం స్థిరపడింది. హీరో ఎక్కడో పరాయి ఊళ్లో తలవంచుకుని బతుకుతుంటాడు. కాశీలో ట్యాక్సీ నడుపుతాడు, లేదా డాన్సు నేర్పుతుంటాడు. ఇంటర్వెల్ దగ్గర అసలు పేరు బయటపడుతుంది. ఆ తర్వాత ఫ్లాష్‌బ్యాక్, దుమ్ము రేపుకుంటూ సుమోలు, పెద్ద మిద్దె, మిద్దె ముందు జనం.

ఈ వరుసలో ఆళ్లగడ్డ వైపు పేరు ఒకటుంది, అది హీరోది కాదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలోని సిరివెళ్లకు చెందిన జయప్రకాశ్ రెడ్డి లెక్కల మాస్టారుగా పనిచేసి, నాటకాలాడి, సినిమాకు వెళ్లారు. ‘ప్రేమించుకుందాం రా’, ‘సమరసింహారెడ్డి’ సినిమాల్లో ప్రతినాయకుడు ఆయనే. 2020 సెప్టెంబరులో కన్నుమూసేదాకా ఆ యాస ఆయన గుర్తుగానే ఉండిపోయింది. అంతకుముందు తెరమీద వినబడని సీమ మాట ఆయన నోట సాగదీతలూ విరుపులూ పోకుండా వినబడింది. అయితే ఆ మాట దక్కింది ప్రతినాయకుడికే. అదే నేలలో పుట్టి, అదే పాలు తాగిన హీరో మాత్రం కోస్తా పుస్తకాల తెలుగులో సవాళ్లు విసురుతాడు. ప్రతినాయకుడిది ఊరి మాట, హీరోది బడి మాట. సినిమాను పాఠంగా చదివే విద్యార్థి మొదట పట్టుకోవలసిన ఆధారం ఇదే, ఎందుకంటే దీన్ని వినడానికి వాడి చెవి చాలు, విమర్శ పుస్తకం అక్కర్లేదు.

రెండో ఆధారం కంటికి కనబడేది. నంద్యాలలో పల్లెవెలుగు బస్సెక్కి ఆళ్లగడ్డ దాకా నలభై కిలోమీటర్లు కిటికీ పక్కన కూర్చుంటే చాలు. తూర్పున నల్లమల నీలంగా కూడా వస్తుంది. ఇటువైపు కేసీ కాలువ కింద వరిమళ్లు, నల్లరేగడిలో శనగ, పత్తి. ఆళ్లగడ్డ దగ్గర పడేసరికి రోడ్డు పక్కన శిల్పుల కొట్టాలు, ముక్కూ మొహం ఇంకా తేలని రాతి దేవుళ్లు, ఉలి దెబ్బకు లేచిన తెల్లటి పొడి. సినిమాలో సీమ అంటే ఎర్రమట్టి, బండరాళ్లు, ఎండిన చెట్టు. అలాంటి నేల అనంతపురం వైపు ఉంది, కాదనలేం. కానీ కాలువ పారే చోటా కక్షలు పెరిగాయి కదా. కరువు వల్లే పగలు పుడతాయని సినిమా పైపైన ఇచ్చే వివరణ ఈ బస్సు ప్రయాణంలో నిలబడదు. నీళ్లుంటే నీళ్లమీద, కాంట్రాక్టులుంటే కాంట్రాక్టులమీద, పంచాయతీ ఎన్నికలొస్తే ఓట్లమీద పట్టు ఎవరిదన్నదే తగాదా. చేనిగట్టు తగువో, జాతరలో ముందు నడిచే మర్యాదో అందులో సాకు మాత్రమే.

ఫ్యాక్షన్ అనే మాట కూడా పోలీసులూ పత్రికలూ ఇచ్చిందే. ఊళ్లో ‘పార్టీలు’ అంటారు, ‘కచ్చ’ అంటారు. ఫలానా ఇల్లు ఏ పార్టీ అంటే ఎన్నికల గుర్తు గురించి అడిగినట్టు కాదు. సినిమాలో పార్టీ అంటే ఇద్దరు పెద్దరెడ్ల పౌరుషం. ఊళ్లో పార్టీ అంటే వాళ్ల వెనక నిలబడక తప్పని కౌలుదారు, జీతగాడు, పెద్దాయన పూచీ మీద అప్పు తెచ్చుకున్న చిన్నరైతు. ముందు నరుకుడుపడేది వీళ్లే. తెరమీద వీళ్లకు పేర్లుండవు, సుమో మీదినుంచి గాల్లోకి ఎగిరిపోతారు.

నేర సాహిత్యం అనగానే తెలుగు పాఠకుడికి తట్టేది డిటెక్టివ్ నవల. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌తో, మధుబాబు షాడోతో రెండు మూడు తరాలు అద్దె పుస్తకాల షాపుల్లో పెరిగాయి. నంద్యాల కుర్రాళ్లూ అవే చదివారు. సీమ పల్లెను పట్టుకుని మాత్రం ఎవరూ చెప్పుకోదగ్గ డిటెక్టివ్ నవల రాయలేదు, రాయడం కుదిరేది కూడా కాదు. డిటెక్టివ్ నవలకు ఆయువుపట్టు హంతకుడెవరన్న ప్రశ్న. కక్షల ఊళ్లో ఆ ప్రశ్నే లేదు. ఎవరు చంపారో, ఎవరు చంపించారో, ఏ మాటకు బదులుగా చంపారో తెల్లారేసరికి రచ్చకట్ట మీద అందరికీ తెలుసు. ఆ హత్యకు అర్థమే అందరికీ తెలియడంలో ఉంది. దాచుకునే నేరం కాదది, చాటుకునే నేరం. అందరికీ తెలిసిన సంగతి కోర్టులో ఒక్కరూ చెప్పకపోవడమే అక్కడి అసలు రహస్యం.

ఆ రహస్యం జరిగే చోటు సినిమాలో కనబడదు. అది వాయిదా. నంద్యాల కోర్టు ఆవరణలో అలాంటి కేసు వాయిదా ఉన్న పొద్దున రెండు గుంపులు రెండు చెట్ల కింద చేరతాయి. టీ తాగే బంకులూ వేరు. చేతుల్లో ప్లాస్టిక్ కవరు, కవర్లో మడతలు నలిగిన కాగితాలు. బంట్రోతు పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఏ1 నుంచి మొదలై ఏ20 దాకా, ఒక్కోసారి ఇంకా ముందుకు పోయే జాబితా అది. గుమికూడి ఒకే ఉద్దేశంతో వచ్చారని ఐపీసీ 149వ సెక్షను కింద పేర్లు చేర్చడం ఫిర్యాదుదారుకు పాత అలవాటు. అవతలి పార్టీలో డబ్బున్నవాళ్లూ, కేసు నడపగల చదువున్నవాళ్లూ, ఆ రోజు ఊళ్లో లేనివాళ్లూ కూడా అందులోకి ఎక్కుతారు. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చి 302 పోయి 103 అయింది గానీ వాయిదా వాయిదాగానే ఉంది. లాయరు ఫీజులకు ఒక ఎకరా, బెయిలుకు ఇంకో ఎకరా. చట్టం ప్రకారం హత్యకేసులో రాజీ కుదరదు, కాబట్టి రాజీ కోర్టు బయట కుదురుతుంది, లోపల సాక్షి ఎదురు తిరుగుతాడు. చీకట్లో మొహాలు సరిగా కనపడలేదంటాడు. ఏళ్ల కింద పోలీసుల ముందు వరసగా పేర్లు చెప్పినవాడు అతడే కావచ్చు. అతడు పిరికివాడా, తెలివైనవాడా, అమ్ముడుపోయాడా, ఇంక చాలనుకున్నాడా? పెద్ద నవలకు సరిపడే మనిషి అతడు. సినిమాకు అతడితో పనిలేదు.

సీమ కథ అతడి వైపు చూసింది. కేతు విశ్వనాథరెడ్డి (1939-2023) తన పల్లె కథల్లో అరుపులు వినిపించరు. రైతు చేతిలోంచి భూమి ఎలా జారిపోతుందో, ఊరు మనుషుల్ని ఎలా ఖాళీ చేసుకుంటుందో నెమ్మదిగా చెబుతారు. ఆయన కథల సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సింగమనేని నారాయణ కథల్లో ప్రధాన శత్రువు కరువే. ‘సీమ కథలు’ సంకలనం చేసి ఈ ప్రాంతపు కథకు ఒక ఉనికి ఇచ్చినవారూ ఆయనే. కక్షల పల్లె లోపలి బతుకును కడప వైపు నుంచి పాలగిరి విశ్వప్రసాద్ కథలుగా రాశారు. బండి నారాయణస్వామి ‘గద్దలాడతండాయి’ నవలలో కక్షలనే వస్తువు చేసుకున్నారు. అకాడమీ పురస్కారం పొందిన ఆయన ‘సప్తభూమి’ చదివితే పాలెగాళ్ల కాలం నుంచి బలం, భూమి, మర్యాద ఎలా ముడిపడి వచ్చాయో తెలుస్తుంది. వీళ్లెవరూ కక్షను ఖండిస్తూ ఉపన్యాసం ఇవ్వరు. చంపడం దగ్గర ఎక్కువసేపు నిలబడరు కూడా. చంపిన తర్వాత పదేళ్లు వీళ్లకు ముఖ్యం. సినిమా అడిగేది తర్వాత ఎవరని, కథ అడిగేది దీని ఖర్చు ఎవరు భరించారని.

ఈ లెక్కన 2018 దసరాకు త్రివిక్రమ్ తీసిన ‘అరవింద సమేత వీరరాఘవ’ సినిమాకూ కథకూ మధ్య దూరం కొంత తగ్గించింది. మూస సినిమాలో ముగింపుకు దాచే నరుకుడును మొదట్లోనే పెట్టేసి, ఆపడం ఎలా అన్నది మిగతా కథగా చేసుకుంది. పెంచల్ దాస్ రాసిన ‘రెడ్డెమ్మ తల్లి’ పాటలో మొగుణ్ని పోగొట్టుకున్న ఆడమనిషి దుఃఖం సీమ మాటలోనే వినబడింది. ఇరవయ్యేళ్ల కింద ప్రతినాయకుడికి ఇచ్చిన యాస ఈసారి ఏడ్చే గొంతుకు దక్కిందన్నమాట. అయినా ఆ హీరో కొట్టే దెబ్బలకు హాల్లో ఈలలు తక్కువేం పడలేదు. పెద్ద హీరో సినిమాకు ఆ పాత అప్పు ఎప్పుడూ ఉంటుంది.

ఇంతకన్నా తెలివైన దారి 2010లో రాజమౌళి ‘మర్యాద రామన్న’ది. గడప లోపల ఉన్నంతసేపు అతిథి, గడప దాటితే శవం అన్న ఒక్క నియమంతో నవ్వించింది. దాని మూలం బస్టర్ కీటన్ 1923లో తీసిన మూకీ హాస్యచిత్రం ‘అవర్ హాస్పిటాలిటీ’, ఆ మూకీకి మూలం అమెరికా కొండల్లో హాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాల మధ్య నిజంగా నడిచిన పగ. ఎక్కడో అపలాచియన్ కొండల్లో పుట్టిన కథ సీమ మిద్దెలోకి వచ్చి అతుకు కనబడకుండా ఇమిడిందంటే కక్ష ఒక ప్రాంతపు గుణం కాదని విద్యార్థికి అర్థం కావాలి. అల్బేనియా రచయిత ఇస్మాయిల్ కదారే ‘బ్రోకెన్ ఏప్రిల్’ (1978)లో పగ తీర్చుకోవడానికి ఒక పూర్తి ధర్మశాస్త్రమే ఉంది. ఎన్నాళ్లు గడువివ్వాలి, శవాన్ని ఎలా పడుకోబెట్టాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. గార్సియా మార్క్వెజ్ 1981లో రాసిన చిన్న నవలలో ఇద్దరన్నదమ్ములు చంపబోతున్నామని ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతారు, ఊరంతా వింటుంది, చావు ఆగదు. ఇంగ్లిషు క్లాసులో ఈ నవల చదివిన ఆళ్లగడ్డ విద్యార్థికి కొలంబియా పరాయి దేశం అనిపించదు. తెలుగు క్లాసుకు వస్తే శ్రీనాథుడి పేరున్న పల్నాటి వీరచరిత్ర ఉంది, తిక్కన సౌప్తికపర్వంలో నిద్రపోతున్నవాళ్లను చంపిన అశ్వత్థామ ఉన్నాడు. ఆ పర్వానికి వెంటనే స్త్రీపర్వం వస్తుందని పాఠం చెప్పేవాళ్లు తరచు మరచిపోతారు.

నేరస్థుడెవరు, వీరుడెవరు అన్నది ఈ నేలమీద ఎప్పుడూ తేలికగా తేలలేదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ల కోటలనూ బలగాలనూ అణచివేశాడు. ఆయన లెక్కలో వాళ్లు దోపిడీదార్లు. నొస్సం పాలెగాళ్ల వంశంతో సంబంధమున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేశాడు. 1847 ఫిబ్రవరి 22న కంపెనీవాళ్లు అక్కడే ఉరితీశారు, తలను చాలా ఏళ్లు కోట గుమ్మానికి వేలాడదీశారు. కంపెనీ కాగితాల్లో నేరస్థుడు, జనం పాటల్లో దొర. ‘ఇంద్ర’లో సీమ పెద్దగా కనబడిన చిరంజీవే 2019లో ‘సైరా’గా ఆయన వేషమూ కట్టారు. ఆళ్లగడ్డకు దగ్గరలోని అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి ఉండేవాడు. 1866 కరువులో వేలమందికి గంజి పోసి బతికించాడు. ఆయన మీదా జనం పాట కట్టారు, అది ఇప్పటికీ పాడతారు. ఒకే ఊరివి రెండు పాటలు. సెమినారు పేపరుకో, డిగ్రీలో చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకో విషయం వెతుక్కునే విద్యార్థి ఈ రెంటినీ ముసలివాళ్ల నోట విని రాసుకోవడానికి నంద్యాల నుంచి ఒక పూట చాలు.