ఉత్తరాల పెట్టె: నీళ్ళలో హీరోకి చలెయ్యదా?

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పితే సగం నీళ్ళే! ‘దేవర’ (2024) చూసినవాళ్ళూ, టీవీలో పాత జేమ్స్ బాండ్ చూసినవాళ్ళూ ఒకటే గోల. సరే, హీరోయిన్ల పెళ్ళి కబుర్లు వచ్చేవారం. ఇవ్వాళ నీళ్ళలోకి దిగుదాం.

మిత్రబృందం, గాండ్లపెంట
ప్ర: మేమంతా బాయిలో ఈత నేర్చినోళ్ళం. మావోడొకడు సినిమాల్లో డూపుగా చేరుతున్నాడు. డిసెంబర్లో చన్నీళ్ళలో షూటింగట, వెట్ సూట్ కొనుక్కొమ్మన్నారంట. అదేసుకుంటే తడవడా?

జ: నిక్షేపంగా తడుస్తాడు! పేరులోనే ఉందిగా. లోపలికి కాసిని నీళ్ళు వస్తాయి, ఒంటి వేడికి వెచ్చబడతాయి, అక్కడే ఉండిపోతాయి. కానీ అసలు కాపాడేది ఆ నీళ్ళు కావు. నియోప్రీన్ అనే రబ్బరులో లెక్కలేనన్ని గాలిబుడగలు చిక్కుకుని ఉంటాయి. నీరు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. దానికి అడ్డుగోడ ఈ బుడగలే. మీ ఊళ్ళో గొర్రెల కాపరి కప్పుకునే కంబళి కూడా ఉన్నిలో గాలిని బంధించే కదా చలి ఆపేది! 1950ల మొదట్లో ఈ కిటుకు పట్టినాయన హ్యూ బ్రాడ్నర్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త.

ఒక అభిమాని, ధర్మవరం
ప్ర: ‘గోల్డ్ ఫింగర్’ (1964)లో షాన్ కానరీ నీళ్ళలోంచి వచ్చి పై సూటు విప్పితే లోపల తెల్లకోటు మడత నలగకుండా ఉంటుంది. అదెలా సార్?

జ: కోటు పొడిగా ఉండాలంటే అది డ్రై సూట్ బాపతు అవ్వాలి. మెడ దగ్గర, మణికట్ల దగ్గర నీటిచుక్క దూరకుండా బిగుతుగా మూసేస్తారు. మడత నలగకపోవడం మాత్రం సినిమా సూట్ మహిమ!

అదే మిత్రబృందం, గాండ్లపెంట
ప్ర: మరి ఎట్లాంటిది కొనాల? పాతది చవగ్గా దొరుకుతాదంట.

జ: ముందు ఎక్కడి నీళ్ళో అడగమనండి. విశాఖ సముద్రం చలికాలంలోనూ సుమారు 25 డిగ్రీలుంటుంది. అక్కడ చాలాసేపు మునగాలంటే 3 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. 15-20 డిగ్రీల నీళ్ళకైతే 5 మిల్లీమీటర్లు, అంతకంటే చల్లనైతే 7, తలకు టోపీ, కాళ్ళకు బూట్లు కూడా. చీటీ మీద 3/2 అనుంటే ఒంటికి 3, కాళ్ళూ చేతులకు 2 అని అర్థం.

మందం కన్నా ముఖ్యం కొలత. రెండో చర్మంలా అతుక్కోవాలి. పొడిగా ఉన్నప్పుడు తొడుక్కోడానికి కుస్తీ పట్టాల్సొస్తే మంచిదే. చేతులెత్తి, గొంతుక్కూచుని చూడమనండి. నడుం వెనకాల, చంకల్లో సంచీలా వదులుంటే వద్దు. కదిలినప్పుడల్లా వెచ్చటి నీళ్ళు బయటికీ, చన్నీళ్ళు లోపలికీ! అలాగని మెడ నొక్కేసి, ఊపిరి నిండా పీల్చనివ్వకపోతే అదీ ప్రమాదమే.

పాతదైతే బొటనవేలితో గట్టిగా నొక్కి వదలాలి. రబ్బరు వెంటనే పొంగితే ప్రాణమున్నట్టు. అట్టలా గట్టిపడితే, నొక్కు అలాగే ఉంటే బుడగలు పోయినట్టే, చవకైనా వద్దు. కుట్లు లాగి చూడండి. సూది ఆరపార దిగకుండా, అతికించి కుట్టినవి మేలు. వాడాక మంచినీళ్ళతో కడిగి నీడన ఆరెయ్యాలి.

కాలేజీ కుర్రాడు, హిందూపురం
ప్ర: ఇంగ్లీష్ ఛానెల్ ఈదినవాళ్ళు ఇది వేసుకునే ఈదారా?

జ: లేదు. ఆ పోటీ నియమాల్లో ఒంటివేడిని కాపాడే బట్టలకు చోటు లేదు. మామూలు ఈత దుస్తులు, టోపీ, కళ్ళద్దాలు, ఒంటికి గ్రీజు, అంతే! 1958లో మిహిర్ సేన్, 1959లో ఆరతీ సాహా అలాగే దాటారు. మన గోలి శ్యామల గుర్తుందా? యానిమేషన్ రంగం నుంచి వచ్చిన ఈ హైదరాబాదు వనిత 2021 మార్చిలో పాక్ జలసంధిని, దాదాపు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. అక్కడి నీళ్ళు వెచ్చన. అయినా అన్ని గంటలు ఈదాలంటే సూటు కాదు, సాధన కావాలి.

ఇంకో మిత్రుడు, గాండ్లపెంట
ప్ర: అదేసుకుంటే తేలతారంట కదా! ఈత రాకపోయినా దిగొచ్చా?

జ: ఒద్దు బాబూ! తేల్చే మాట నిజమే, బుడగలున్నాయిగా. నడుముకి బెండ్లు కట్టుకున్నట్టు. అందుకే మునిగేవాళ్ళు సీసపు బరువులు కట్టుకుంటారు. కానీ తెలివి తప్పితే మొహాన్ని నీటిపైకి తిప్పేది లైఫ్ జాకెట్టే, ఇది కాదు. పైగా 10 మీటర్ల లోతుకి వెళితే ఒత్తిడి రెట్టింపై బుడగలు సగానికి నలుగుతాయి. తేలికా తగ్గుతుంది, వెచ్చదనమూ తగ్గుతుంది.

చివరగా మీ డూపు మిత్రుడికో మాట చేరవెయ్యండి. ఎంత మంచి సూటైనా చలిని ఆలస్యం చేస్తుందే గాని ఆపెయ్యదు. వణుకు ఆగకపోయినా, వేళ్ళు మాట వినకపోయినా, నాలుక తడబడినా వెంటనే గట్టెక్కాలి. ‘ఇంకొక్క టేక్’ అని డైరెక్టరుగారు బతిమాలినా సరే! తెరమీద హీరో మునిగితే మళ్ళీ తేలతాడు, స్క్రిప్టులో రాసుంటుంది. మనవాడికి స్క్రిప్టు లేదు. ఇంటి దగ్గర అమ్మ ఉంది.