‘ఫాబ్ ఆఫ్’ అంటే ఏటండీ?

బొబ్బిలి నుంచి ఓ పాఠకమిత్రుడు ఇంగ్లీషు సినిమా చూసొచ్చి ఉత్తరం రాశాడు. హీరోయిన్ కోపంగా “డోంట్ ఫాబ్ మీ ఆఫ్” అందిట. “నిఘంటువులో ఫాబ్ అంటే గడియారం జేబు అని ఉంది. జేబుకీ కోపానికీ ఏటండీ సంబంధం?” అని ప్రశ్న.

ఏమీ లేదు బాబూ! ఆ జేబు వేరు, ఈ ఫాబ్ వేరు. ఇది బురిడీ కొట్టించడం అనే అర్థంలో ఉన్న పాత క్రియ. షేక్‌స్పియర్ ‘కొరియొలేనస్’ నాటకంలోనే వాడేశాడు.

అంతదూరం ఎందుకు, మన విజయనగరం బొంకులదిబ్బ దాకా రండి. 1955లో వచ్చిన పి. పుల్లయ్యగారి ‘కన్యాశుల్కం’లో ఎన్టీఆర్ గిరీశాన్ని చూసే ఉంటారు. గురజాడవారి నాటకం కూడా ఓసారి తిరగెయ్యండి. ఫొటోల బాకీ కోసం బంట్రోతు వస్తే గిరీశం పైసా రాల్చడు, మాటలతోనే సాగనంపుతాడు. ‘హి ఫాబ్డ్ హిమ్ ఆఫ్ విత్ వర్డ్స్.’ డబ్బుకి బదులు చేతిలో పెట్టిన ఉత్తుత్తి సరుకు ‘విత్’ తర్వాత వస్తుంది. (నాకీ క్రియ కంఠతా వచ్చు. “చెక్కు వచ్చే వారం” అన్న మాట ఎన్ని పత్రికాఫీసుల్లో విన్నానో! ఇక్కడ కాదులెండి.)

‘పుట్ ఆఫ్’ అంటే ఉత్త వాయిదా. ఫాబ్ ఆఫ్‌లో టోపీ కూడా ఉంటుంది.

రెండో వాడుక ఇంకా రుచి. తల్లి వెంకమ్మ ముచ్చటపడి ఇంగ్లీషులో మాట్లాడమంటే గురుశిష్యులిద్దరూ ఏం చేశారు? చిన్నపిల్లల నక్షత్రాల పాటా, రీడరులో ముక్కలూ ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. ఇంట్లోవాళ్లు మురిసిపోయారు. అంటే ఆ ముక్కల్ని సంభాషణని చెప్పి వాళ్లకి అంటగట్టారన్నమాట. ‘దే ఫాబ్డ్ ఇట్ ఆఫ్ ఆన్ దెమ్.’ ‘విత్’ అయితే సాగనంపడం, ‘ఆన్’ అయితే అంటగట్టడం.

ఆ నాటకం విజయనగరంలో తొలిసారి ఆడింది 1892లో. గిరీశం వ్యాపారం మాత్రం ఇప్పటికీ మూతపడలేదు. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు అంటూ గోడల మీద రాతలు చూడటం లేదూ? పాలకొండ వైపు నాకు తెలిసిన కుర్రాడొకడు, తండ్రి ఎడ్లనమ్మి కట్టిన ఫీజుకి, తనని తాను పరిచయం చేసుకునే పేజీ ఒకటి బట్టీపట్టి విశాఖ ఇంటర్వ్యూకి వెళ్లాడు. రెండో ప్రశ్నకే నోట మాట లేదు. ఆ పిల్లాడు మొద్దు కాడు. వాడికి దొరికిన సరుకే అది.

మీరూ అలాంటి చోట చేరబోతుంటే, డబ్బు కట్టేముందు మాస్టారి చేతికి ఓ తెలుగు వాక్యం ఇచ్చి ఇంగ్లీషులో చెప్పమనండి. “రేపు చెప్తాలే” అన్నారో, బొబ్బిలి మిత్రుడు విన్న డైలాగు అక్కడే వాడెయ్యండి.