పాలప్యాకెట్టు మూల

విశాఖపట్టణమున వాన కురిసినపుడు కొండలనుండి దిగిన నీరు గెడ్డల వెంట పరుగెత్తి సముద్రమున కలియును. వీధులలోని ప్లాస్టిక్కును ఆ నీటితోనే పోవును. మహానగరపాలక సంస్థ 2022 జూన్ 5 నుండి ఒకసారి వాడి పారవైచు ప్లాస్టిక్కును నిషేధించినది. మంచిదే. కాని అంగడికి వేసిన ఆజ్ఞ వంటయింటి గడప దాటదు.

పాలప్యాకెట్టునే చూడుడు. దానిని కడిగి ఆరబెట్టినచో పాతసామానులవాడు తీసికొనును. కత్తిరించి పారవైచిన గోరంత మూలను మాత్రము ఎవడును ఏరడు. అది ఊడ్పులో కాలువపాలై, గెడ్డ చేరి, కడలికి పోవును. మూల పూర్తిగా తెగక ప్యాకెట్టునకే అంటియుండునట్లు కోసిన చాలును. ఇందుకు దమ్మిడీ ఖర్చు లేదు.

తొక్కలు, మిగిలిన అన్నము మట్టిలో కలిసి ఎరువగును. వానినే ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి వీధిలో పెట్టినచో ఎరువును చెడును, సంచియు చెడును; మిగులునది దుర్గంధమే! నగరపాలకులను నిందించువారు మొదట ఆ మూటను విప్పవలెను.

పప్పుదినుసులకు గుడ్డసంచి కొనిపోవుట పూర్వపు అలవాటే. అయినను ఏనాటి కూలితో ఆనాటి నూనె కొనుక్కొను ఇంటివారిని చిన్న ప్యాకెట్టు కొన్నందుకు తప్పుపట్టుట న్యాయము కాదు. దానిని తిరిగి సేకరించు బాధ్యతను 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థముల నియమములు తయారుచేయువారిపైననే ఉంచినవి.